ఖాళీ డాష్‌బోర్డు నుంచి పెనుకొండ బోస్ దాకా

రాయచూరు నుంచి మాన్వి మీదుగా సింధనూరు పోయే రోడ్డు మీద పోతనాళ ఉంది. తుంగభద్ర ఆనకట్ట నుంచి 1953లో నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మెట్ట భూములు మాగాణి అవుతుంటే, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడి పొలం అమ్ముకుని ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు కొనుక్కున్నారు. వాళ్లు కట్టుకున్న క్యాంపులు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ తెలుగే మాట్లాడతాయి. సంక్రాంతికైనా, మేనకోడలి పెళ్లికైనా సొంతూరు చేరాలంటే ఒక పగలంతా కారులో గడవాల్సిందే. దారి పొడుగునా ఏం వినాలి, ఎలా వినాలి అన్న విషయం ఇక్కడివాళ్లు పట్టించుకున్నంతగా బస్తీవాళ్లు పట్టించుకుని ఉండరు.

కారులో పాట మొదట ఎక్కడైనా కారు కంపెనీది కాదు, బయటివాడి పనే. 1930లో షికాగోకు చెందిన పాల్ గాల్విన్ తన కారులో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో జరిగిన రేడియో తయారీదారుల సభకు వెళ్లాడు. ఆర్డర్లు తెచ్చుకున్నాడు. ఆ పెట్టెకే మోటరోలా అని పేరు పెట్టాడు. దాని ధర సుమారు 120 డాలర్లు. ఆ రోజుల్లో అయిదారు వందల డాలర్లకు కొత్త ఫోర్డు కారే వచ్చేది. రెండేళ్లకు జర్మనీలో బ్లావ్‌పుంక్ట్ తెచ్చిన ఆటోసూపర్ రేడియో 465 మార్కులు. బిగించడం ఇంకా పెద్ద తతంగం. సీలింగు గుడ్డ విప్పి యాంటెన్నా తీగ పరచాలి, వాల్వులకు వేరే బ్యాటరీలు అమర్చాలి, స్పార్క్ ప్లగ్గులు చేసే గరగర పాటలో కలవకుండా అడ్డుకట్ట వేయాలి. ఇప్పుడు స్టీరియో మార్పించుకోవడానికి ఒక పూట పడుతుందని విసుక్కునేవాళ్లు అది గుర్తు చేసుకోవాలి.

అమెరికాలో కారు కంపెనీలు ఈ వ్యాపారాన్ని తొందరగానే తమ చేతిలోకి తీసుకున్నాయి. 1955లో క్రైస్లర్ అంతా ట్రాన్సిస్టర్లతోనే చేసిన రేడియో ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదికల్లా డాష్‌బోర్డు కింద ఏకంగా గ్రామఫోను పెట్టింది. నిమిషానికి 16 చుట్లు తిరిగే ప్రత్యేకమైన రికార్డులు దానికి. అక్కడి నున్నటి రోడ్ల మీదే అది నిలవలేదు, కాలువ గట్ల మీద దాని గతి ఊహించుకోవచ్చు. 1965లో ఫోర్డ్ ఎనిమిది ట్రాకుల టేపు తెచ్చింది. దాన్నీ కాలం మింగేసింది. మిగిలింది ఫిలిప్స్ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో చూపిన చిన్న క్యాసెట్టు.

మన దగ్గర కథ వేరు. రాయచూరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. నిజాం కాలపు దక్కన్ రేడియో, తర్వాత ఆకాశవాణి హైదరాబాదు, ఈ ప్రాంతానికి వినోదమంటే అవే. రేడియో సెట్టుంటే పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని ఏటా రుసుము కట్టాలి. కారులో రేడియోకూ ఆ బాధ తప్పేది కాదు. 1980లలో గానీ ఆ లైసెన్సులు పోలేదు. అంబాసిడరుకూ ఫియట్‌కూ డాష్‌బోర్డులో చోటుండేది, అందులో ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం అన్నట్టుండేది కంపెనీ తీరు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకా సంగతి అంతే. అంటే కంపెనీ స్టీరియో బాగాలేక మార్చుకోవడం అనే ముచ్చటే లేదు. కారు కొన్నవాడు నేరుగా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయేవాడు. క్యాసెట్ డెక్కు, వెనక సీటు పైపలక కోయించి బిగించిన రెండు కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లు, అంతే. పక్కనే క్యాసెట్ రికార్డింగు షాపు. పాటల చీటీ ఇచ్చిపోతే సాయంత్రానికి రెండు వైపులా నింపి ఇచ్చేవారు. చాలా కార్లలో మొదటి క్యాసెట్టు ఘంటసాల భగవద్గీత, రెండోది మాత్రం యజమాని వయసును బట్టి.

నా లెక్కలో మన ప్రాంతపు అసలు స్టీరియో విద్య పుట్టింది ఆ ఎలక్ట్రీషియన్ల షెడ్లలోనే. ట్రాక్టరుకూ అదే 12 వోల్టుల బ్యాటరీ గదా! కారులోంచి తీసేసిన డెక్కు ట్రాక్టరు మడ్‌గార్డు మీది పెట్టెలోకి చేరింది. దమ్ము చేసేటప్పుడు ఇంజను మోతను మించి వినపడాలన్నదే అక్కడ కొలత. చెవులకు అది మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 80 డెసిబెళ్లయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే నాలుగు గంటలే.

ఇంతలో అవతల ఒక బెంగాలీ స్వాతంత్ర్యయోధుడి కొడుకు, ఎమ్ఐటీ ఆచార్యుడు అమర్ బోస్, కారు గదిని కూడా హాలులా కొలిచి స్పీకర్లు అమర్చవచ్చని జనరల్ మోటార్స్‌ను ఒప్పించాడు. 1983 మోడలు కాడిలాక్ సెవిల్ లాంటి కార్లలో ఆ అమరిక వచ్చింది. ప్రతి స్పీకరుకూ సొంత ఆంప్లిఫయరు, ఆ కారు అద్దాలకూ సీట్లకూ తగ్గట్టు దిద్దిన ధ్వని. మరుసటి ఏడాది పయనీర్, సోనీ కార్లకు సీడీ ప్లేయర్లు తెచ్చాయి. అదే సమయంలో డాష్‌బోర్డు రంధ్రానికి 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు అనే జర్మన్ కొలత అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆ కొలత వల్లే ఏ కంపెనీ డెక్కునైనా ఏ కారులోనైనా దూర్చగలిగారు. ఎంపీత్రీ సీడీలు, తర్వాత పెన్‌డ్రైవులు, ఫోనులోంచి బ్లూటూత్ అన్నీ ఆ రంధ్రంలోంచే మన కార్లలోకి వచ్చాయి.

ఇక్కడ ఒక పాత మాయ సంగతి చెప్పాలి. డబ్బా మీద 50 వాట్లు నాలుగు చానళ్లు అని రాసి ఉంటుంది. కారు నడుస్తున్నప్పుడు వోల్టేజి 14 చిల్లర. 4 ఓముల స్పీకరుకు ఆ వోల్టేజితో స్టీరియో లోపలి ఐసీ శుభ్రంగా ఇవ్వగలిగేది చానలుకు ఇరవై వాట్ల దరిదాపులే. ఇంతకు మించి కావాలంటే వోల్టేజిని లోపలే పెంచుకునే వేరే ఆంప్లిఫయరు ఉండాలి. ఆ యాభై నిజం కాదని అమ్మేవాడికీ తెలుసు.

2019 ఆగస్టులో కియా సెల్టోస్ బయటికి వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కర్మాగారంలో చేసిన కారు, పై రకాల్లో ఎనిమిది స్పీకర్ల బోస్. అమర్ బోస్ పేరు రాయలసీమ నేల మీద కంపెనీ అమరికగా చేరడానికి సెవిల్ తర్వాత ముప్పై ఆరేళ్లు పట్టింది. బోస్‌లాగే కార్లకు స్పీకర్లు చేసే, జేబీఎల్ పేరు కలిగిన హర్మన్‌ను సామ్‌సంగ్ సుమారు 800 కోట్ల డాలర్లకు 2017లో కొన్నదంటే, ఆ సంస్థ ఆదాయంలో ముఖ్యభాగం కార్లదే కాబట్టి. ఇప్పుడు తెర, ఏసీ, వెనక కెమెరా, స్టీరింగు బటన్లు అన్నీ ఒకే పెట్టెలో ముడివేసి ఇస్తున్నారు. ఆ పాత రంధ్రం మూతపడింది. డెక్కు పీకి వేరేది పెట్టడం పాత కార్లకే మిగిలింది. కొత్త కార్లలో ఆ పని చేస్తే వారంటీ గొడవలు, కప్లర్ల తిప్పలు.

కానీ చౌక రకాల కార్లలో కంపెనీవాళ్లు ఇంకా పలుచని కాగితపు కోను, చిన్న అయస్కాంతమే ఇస్తున్నారు. మార్పు అక్కడ చేయించండి. తలుపు లోపలి రేకు రంధ్రాలు మూయకపోతే స్పీకరు వెనక నుంచి వచ్చే అల ముందు అలను కొట్టేసి బేసు చచ్చిపోతుంది. అందుకే డ్యాంపింగ్ షీట్లకు ముందు డబ్బు పెట్టండి. తర్వాత ముందు తలుపులకు ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ జత, ట్వీటర్లు అద్దాల మూలల్లో. ఇంకా మిగిలితే నాలుగు చానళ్ల చిన్న ఆంప్లిఫయరు. డిక్కీలో సబ్‌వూఫరు చిట్టచివరిది, క్యాంపు పెళ్లిళ్లకు ఊరేగింపు మీ కారులోనే అయితే తప్ప. ఆంపుకు బ్యాటరీ నుంచి లాగే తీగకు, బ్యాటరీ దగ్గరే జానెడు దూరంలో ఫ్యూజు తప్పనిసరి. ఫ్యూజు ఎందుకండీ అనే షెడ్డు ఎదురైతే, బండి తాళాలు తీసుకుని వెనక్కి వచ్చేయండి.