ఫిరంగులు, స్వేచ్ఛా వాణిజ్యము

1857 అనగానే మనకు మీరట్ సిపాయీలు, ఢిల్లీ కోట, ఝాన్సీ రాణి జ్ఞప్తికి వత్తురు. మీరట్‌లో తుపాకులు పేలుటకు రెండు నెలల ముందు లండను పార్లమెంటులో వేరొక కలహము జరిగెను. అది బద్ధవిరోధుల కలహము కాదు. ఒకే స్వేచ్ఛా సిద్ధాంతమును నమ్మినవారి కలహము.

ప్రజల వ్యాపారమున ప్రభుత్వము జోక్యము కలిగించుకొనరాదనియు, సైనిక వ్యయము తగ్గవలెననియు బోధించినవారు మాంచెస్టరు వర్గమువారు. రిచర్డ్ కాబ్డెన్, జాన్ బ్రైట్ వారి నాయకులు. విదేశపు ధాన్యముపై సుంకము విధించు చట్టములను 1846లో రద్దు చేయించిన ఘనత వారి ఉద్యమమునకు దక్కెను. సర్ జాన్ బౌరింగు ఆ ఉద్యమమున ఆది నుండియు ఉన్నవాడే. శాంతి సంఘములో కార్యదర్శిగా పనిచేసినవాడు. ఆయనయే 1854లో హాంకాంగు గవర్నరయ్యెను.

1856 అక్టోబరు 8వ తేదీన కాంటన్ వద్ద ‘ఆరో’ అను చిన్న ఓడపై చీనా అధికారులు పండ్రెండుగురు నావికులను నిర్బంధించిరి. ఓడ యజమాని చీనావాడు. హాంకాంగులో దానికి లభించిన రిజిస్ట్రేషను గడువు అప్పటికే తీరిపోయెను. ఆ సంగతి బౌరింగునకు తెలియును. అయినను బ్రిటిషు జెండాకు అవమానము జరిగినదని ఆయన పట్టుపట్టెను. చీనావారు నావికులను తిరిగి పంపిరి కాని క్షమాపణ చెప్పలేదు. అంతట కాంటన్‌పై ఫిరంగులు మ్రోగినవి. మూసియున్న వాకిళ్లను వాణిజ్యమునకై తెరిపించుట స్వేచ్ఛకు సేవయే యని బౌరింగు వంటివారి వాదము. ఆ వాణిజ్యమున మన దేశమున పండిన నల్లమందు ముఖ్యమైన సరుకని మనము మరువరాదు.

బౌరింగు తనకు పాత మిత్రుడైనను కాబ్డెన్ వెనుదీయలేదు. అమెరికా వంటి బలవంతమైన దేశము పట్ల ఇట్లు ప్రవర్తింపగలమా యని సభను నిలదీసెను. ఆయన తీర్మానము మార్చి 3వ తేదీన 263 ఓట్లకు 247 ఓట్లతో నెగ్గెను. ప్రధాని పామర్‌స్టన్ ప్రభువు సభను రద్దుచేయించి, జాతి గౌరవము పేర ప్రజల తీర్పు కోరెను.

తీర్పు విచిత్రము. బ్రైట్ అనారోగ్యముతో ఇటలీలో ఉండగా, మాంచెస్టరులో కాబ్డెన్ ఆయన పక్షమున ప్రచారము చేసెను. ప్రత్యర్థులు పాటర్, టర్నర్ లిబరలులే. సుంకముల విషయమున భేదము లేదు, యుద్ధము విషయముననే భేదము. ఆ నగరము బ్రైటును ఓడించెను. కాబ్డెన్ కూడ హడర్స్‌ఫీల్డులో ఓడిపోయెను. క్రిమియా యుద్ధమును ఎదిరించిన నాటినుండి వారిపై పెరిగిన కోపమునకు, చీనా విపణిపై ఆశ తోడయ్యెను.

చీనాకు బయలుదేరిన సైన్యములో కొంత భాగమును ఆ ఏటనే మన తిరుగుబాటు నణచుటకై కలకత్తాకు మరల్చిరి. మిగిలిన కథ 1860లో ముగిసెను. ఆ యేడు బ్రిటిషు సేనలు పెకింగు వద్ద చక్రవర్తి వేసవి భవనమును తగులబెట్టెను. ఆ యేడే కాబ్డెన్ ఒక్క గుండు పేల్చకుండ, ఫ్రాన్సుతో సంప్రదించి, ఉభయదేశముల సుంకములు తగ్గించు వాణిజ్య సంధిని కుదిర్చెను.

2003లో ఇరాకు యుద్ధము వచ్చినప్పుడు అమెరికాలోని స్వేచ్ఛావాదులు ఈ ప్రశ్నపైననే మరల చీలిపోయిరి. స్వదేశమున ప్రభుత్వమునకు హద్దులు గీయువాడు సముద్రము దాటగానే ఆ హద్దులు చెరిపివేయవచ్చునా? ఎన్నికలో బౌరింగు పక్షమే గెలిచినను, ఆ రెండు సంధులను ప్రక్కప్రక్కన నుంచి చూచిన మాకు, ఓడిన కాబ్డెన్ మాటయే నిలిచినదని తోచుచున్నది.