లెక్క అడిగినవాడు

2009 జూన్ 5, శుక్రవారం నాడు బ్రిటన్‌లో రెండు వార్తలు వచ్చాయి. ఒకటి లండన్ హైకోర్టు నుంచి. యాభైయేళ్ల కిందట పసిఫిక్ దీవులకూ ఆస్ట్రేలియా ఎడారులకూ అణుబాంబు పరీక్షల కోసం తీసుకెళ్లిన సైనికులు, చనిపోయినవారి తరఫున వారి భార్యలు, వెయ్యిమందికి పైగా కలిసి రక్షణశాఖ మీద దావా వేశారు. కాలదోషం పేరు చెప్పి ఆ దావాను గుమ్మంలోనే ఆపడానికి వీల్లేదని, విచారణ జరగాల్సిందేనని జస్టిస్ ఫాస్కెట్ తీర్పిచ్చారు. రెండో వార్త నారిచ్ నుంచి. నారిచ్ నార్త్ ఎంపీ ఇయన్ గిబ్సన్ తన పదవికి తక్షణం రాజీనామా చేస్తున్నట్టు చెప్పారు. ఇంటి ఖర్చుల బిల్లుల గొడవ.

మొదటి వార్తలోని మనుషుల కోసం పార్లమెంటులో పాటుపడినవాళ్లలో రెండో వార్త మనిషి ఒకరు. రెండూ ఒకే రోజు పడటం కాకతాళీయమే. అయినా ఈ కథను అక్కడి నుంచి కాక ఇంకెక్కడి నుంచి మొదలుపెట్టాలో నాకు తోచలేదు.

గిబ్సన్ పుట్టింది 1938లో, స్కాట్లండ్‌లోని డంఫ్రీస్‌లో. ఎడిన్‌బరోలో జన్యుశాస్త్రం చదివి, 1965లో నారిచ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయానికి వచ్చి, జీవశాస్త్ర విభాగానికి డీన్ అయ్యారు. క్యాన్సర్ పరిశోధన ఆయన రంగం. ఫుట్‌బాల్ పిచ్చి కూడా ఉండేది. యాభై ఎనిమిదేళ్ల వయసులో, 1997లో టోనీ బ్లెయిర్ గాలి వీచినప్పుడు లేబర్ పార్టీ తరఫున సభలో అడుగుపెట్టారు. ఆ గాలికి కొట్టుకొచ్చినవాళ్లు చాలామంది ఆ గాలివాటానే బతికారు. ఈయన అలా బతకలేదు. 2001 నుంచి 2005 దాకా సైన్స్, టెక్నాలజీ కమిటీకి అధ్యక్షుడిగా ఉండి, సొంత ప్రభుత్వపు మంత్రులనే పిలిచి కూర్చోబెట్టి లెక్కలు అడిగారు.

ఆయన ఓట్ల చిట్టా తీస్తే మనిషి తెలుస్తాడు. 2003 మార్చి 18న ఇరాక్ యుద్ధం మీద ఓటింగ్ జరిగినప్పుడు, విప్‌ను కాదని యుద్ధానికి ఎదురు నిలిచిన 139 మంది లేబర్ సభ్యుల్లో ఆయన ఉన్నారు. 2004 జనవరి 27న విశ్వవిద్యాలయాల ఫీజులు పెంచే బిల్లు వచ్చింది. తిరుగుబాటుకు ముందు నిలిచిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆఖరి గంటల్లో కొందరు సహచరులు ప్రభుత్వం వైపు జారిపోయారు. బిల్లు 316-311తో, అంటే అయిదే అయిదు ఓట్ల తేడాతో గట్టెక్కింది. గిబ్సన్ మాత్రం జారలేదు. జీవితమంతా విశ్వవిద్యాలయంలో గడిపినవాడు పిల్లల ఫీజుల దగ్గర ఎలా జారతాడు?

మన దగ్గర ఇలాంటి చిట్టా దొరకదు. 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేర్చాక విప్‌కు ఎదురు ఓటేసిన సభ్యుడి సీటుకే ఎసరు. ఫిరాయింపులు ఆగాయా అంటే మనందరికీ తెలిసిందే. ఆగింది మాత్రం సభ్యుడి సొంత బుద్ధి. అందుకే పార్టీలో ఉంటూనే పార్టీని పదేపదే ఓడించబోయిన ఇలాంటి మనిషిని చూస్తే మనకు కొంచెం ఆశ్చర్యం, కొంచెం అసూయ.

ఇక ఆ సైనికుల సంగతి. 1952 అక్టోబరు 3న ఆస్ట్రేలియా పడమటి తీరాన మాంటెబెల్లో దీవుల దగ్గర, ప్లిమ్ అనే పాత యుద్ధనౌక కడుపులో పెట్టి బ్రిటన్ తన మొదటి అణుబాంబు పేల్చింది. తర్వాత ఈము ఫీల్డ్, మారలింగ ఎడారులు. అవి ఆదివాసుల నేలలు. వాళ్ల గోడు వేరే పుస్తకమంత ఉంటుంది. ఆపైన పసిఫిక్‌లో మాల్డెన్, క్రిస్మస్ దీవులు. 1958 నాటికి మొత్తం 21 పేలుళ్లు. 1958 ఏప్రిల్ 28న క్రిస్మస్ దీవి దగ్గర పేలిన హైడ్రోజన్ బాంబు శక్తి మూడు మెగాటన్నులు, బ్రిటన్ పేల్చినవాటిలో అదే పెద్దది. ఈ పరీక్షల్లో పాలుపంచుకున్న బ్రిటిష్ సిబ్బంది దాదాపు 22 వేలమంది. న్యూజిలాండ్ నౌకాదళం వాళ్లు, ఫిజీ సైనికులు వీళ్లకు అదనం. చాలామంది నిర్బంధ సైనిక సేవలో వచ్చిన కుర్రాళ్లు, మీసం సరిగా మొలవని వయసు. పేలుడు వైపు వీపు పెట్టి ఇసుకలో కూర్చోమన్నారు, అరచేతులతో కళ్లు మూసుకోమన్నారు. మూసిన కళ్లకు తమ చేతి ఎముకలే ఎక్స్‌రేలో లాగా కనిపించాయని తర్వాత ఎంతోమంది చెప్పారు. ఆ తర్వాత లేచి, వెనక్కి తిరిగి, మబ్బును చూడమన్నారు.

ఇళ్లకు వెళ్లారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. ఏళ్లు గడిచాక ఒకరికి రక్త క్యాన్సర్, ఒకరికి కంటిలో శుక్లం, ఒకరి భార్యకు వరసగా గర్భస్రావాలు, ఇంకొకరి బిడ్డ పుట్టుకతోనే లోపంతో. 1983లో సంఘం పెట్టుకున్నారు. సైన్యంలో ఉండగా తగిలిన దెబ్బకు ప్రభుత్వం మీద దావా వేయడానికి 1947 నాటి చట్టం ఒప్పుకునేది కాదు. ఆ అడ్డు 1987లో తొలగింది, తొలగింది కూడా అంతకుముందు జరిగినవాటికి వర్తించకుండా. ప్రభుత్వం చేయించిన సర్వేలు మూడుసార్లు లెక్క కట్టి, మొత్తం మీద వీళ్ల మరణాల రేటు తోటి సైనికులకంటే ఎక్కువేమీ కాదన్నాయి. లుకేమియా విషయంలో మాత్రం కొంత అనుమానాన్ని మిగిల్చాయి. సభలో ఎవరు అడిగినా మంత్రులు మొదటి సగమే చదివేవారు. అమెరికా 1988లోనే వేరే దారి పట్టింది. పరీక్షల్లో పాల్గొన్న సైనికుడికి జాబితాలోని ఫలానా క్యాన్సర్లలో ఏదైనా వస్తే దానికి రేడియేషనే కారణమనుకుని పరిహారం ఇస్తామని చట్టం చేసింది. బ్రిటన్‌లో రుజువు భారం రోగి మీదే.

గిబ్సన్ ఈ విషయంలోకి వచ్చింది రాజకీయంగా కన్నా వృత్తిపరంగా అని నా అభిప్రాయం. 2007లో న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో ఆల్ రోలాండ్ అనే శాస్త్రవేత్త, క్రిస్మస్ దీవి దగ్గర నౌకల్లో పనిచేసిన యాభైమంది దాకా నావికుల రక్తం పరీక్షించారు. క్రోమోజోముల్లో ముక్కలు విరిగి ఒకదాని స్థానంలోకి ఇంకొకటి చేరడం వాళ్లలో మామూలువాళ్లకంటే దాదాపు మూడు రెట్లు కనిపించింది. వెయ్యి కణాలకు నావికుల్లో 29, మామూలువాళ్లలో 10. పార్లమెంటులో ఈ అంకెలు చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అందులో ఒకరు జన్యుశాస్త్రం చదివి, కణాల మధ్య జీవితం గడిపినవాడు. ఎదుటి పార్టీ కన్సర్వేటివ్ ఎంపీ జాన్ బారన్ ఆయనకు జత కలిశారు. బారన్ మాజీ సైనికాధికారి, ఇరాక్ యుద్ధాన్ని ఒప్పుకోలేక తన పార్టీలో పదవి వదులుకున్న మనిషి. ఇద్దరూ కలిసి సైనికుల ఆరోగ్యం మీద ఎంపీల విచారణ నడిపారు. బాధితుల్నీ శాస్త్రవేత్తల్నీ కూర్చోబెట్టి విన్నారు. అధికారం లేని విచారణ అది, ఎవరినీ రప్పించలేదు, ఎవరినీ శిక్షించలేదు. అయినా పిల్లల సంగతేమిటి, మనవల సంగతేమిటి అన్న ప్రశ్నను సభ గోడల మధ్యకు తెచ్చింది. ముసలి సైనికుల అసలు భయం అదే. తమకు వచ్చిన జబ్బు తమతో పోతుంది. తాము ఇచ్చినదేమిటన్నదే బెంగ.

అంతలో 2009 మే 8న డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ఎంపీల ఖర్చుల బిల్లులు అచ్చేయడం మొదలుపెట్టింది. కోట చుట్టూ కందకం బాగుచేయించినవాడు ఒకడు, చెరువులో బాతులకు ఇల్లు కట్టించడానికి బిల్లు పెట్టినవాడు ఇంకొకడు. జనం నవ్వారు, తర్వాత మండిపడ్డారు. మే 19న స్పీకరే తప్పుకుంటానని ప్రకటించారు. గిబ్సన్ పేరూ వచ్చింది. లండన్ బేరన్స్ కోర్ట్‌లోని ఫ్లాట్ మీద, అప్పు వడ్డీ కలుపుకుని, నాలుగేళ్లలో దాదాపు 80 వేల పౌండ్లు తీసుకున్నారు. ఆ ఫ్లాట్‌లో ఆయన కూతురు అద్దె లేకుండా ఉండేది. తర్వాత దాన్ని బజారు ధరలో సగానికి దగ్గరగా, లక్షా 62 వేల పౌండ్లకు ఆమెకే అమ్మారు.

తండ్రి కూతురికి ఇల్లు అమర్చిపెట్టడం ఏ ఊళ్లోనైనా ఉన్నదే. కానీ వడ్డీ కట్టింది తండ్రి కాదు, ఖజానా. వారంలో కొన్ని రాత్రులు తానూ అక్కడే ఉండేవాడినని ఆయన చెప్పుకున్నారు. నిబంధనలో అది పట్టొచ్చు, పట్టకపోవచ్చు. లెక్కలు అడగడమే పనిగా పెట్టుకున్నవాడు తన లెక్క దగ్గర మాత్రం ఆ ప్రశ్న వేసుకోలేదు. ఇక్కడ ఆయన్ని వెనకేసుకు రావాలని నాకు లేదు.

శిక్ష వేసిన తీరు మాత్రం వేరే మాట. జూన్ 2, మంగళవారం, లేబర్ పార్టీ క్రమశిక్షణ బృందం ఆయన్ని పిలిచింది. పత్రికలు దానికి స్టార్ చాంబర్ అని పేరు పెట్టాయి, పూర్వం రాజులు నడిపిన అపఖ్యాతి పాలైన న్యాయస్థానం పేరది. మళ్లీ పార్టీ అభ్యర్థిగా నిలబడటానికి వీల్లేదని ఆరోజే తేల్చేసింది. ఆయనతోపాటు వేటు పడ్డ ఇలియట్ మోర్లీ, డేవిడ్ చేటర్ తర్వాత దొంగ లెక్కల కేసులో జైలుకెళ్లారు. గిబ్సన్ మీద కేసే లేదు. బిల్లుల కోసం ఇళ్లు మార్చి మార్చి చూపించిన కొందరు మంత్రులు కుర్చీల్లోనే ఉన్నారు. పదేపదే విప్‌ను ధిక్కరించిన పాత బాకీ ఇలా తీర్చుకున్నారని నారిచ్‌లో అనుకున్నవాళ్లున్నారు. అది రుజువు కాదు. నమ్మబుద్ధి కాకుండానూ లేదు.

తన ఓటర్లు వద్దంటే తప్పుకుంటానన్న మనిషి, ఓటర్లను అడిగేలోపే పార్టీ వద్దనేసరికి మూడో రోజున వెళ్లిపోయారు. కందకం ఆసామీ, బాతుల ఆసామీ వచ్చే ఎన్నికల్లో నిలబడబోమని చెప్పి, 2010 దాకా సభ్యులుగానే ఉన్నారు. జూలై 23న నారిచ్ నార్త్‌లో ఉప ఎన్నిక జరిగింది. 2005లో 45 శాతం దాకా ఉన్న లేబర్ ఓటు 18 శాతానికి పడిపోయింది. ఇరవై ఏడేళ్ల కన్సర్వేటివ్ అభ్యర్థి క్లోయీ స్మిత్ 7,348 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. పార్టీ తన మనిషిని తీసి పారేసి, సీటును కూడా వెంట పారేసుకుంది.

సైనికుల గెలుపూ నిలవలేదు. 2010లో అప్పీలు కోర్టు, విచారణకు ఎంపిక చేసిన పది కేసుల్లో తొమ్మిదింటిని కొట్టేసింది. 2012 మార్చి 14న సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి, ఆ మాటే ఖాయం చేసింది. జబ్బుకు కారణం తెలిసిన మూడేళ్లలో దావా వేయాలి. రోలాండ్ పరీక్ష వచ్చేదాకా మాకు నిజంగా తెలియదని సైనికులన్నారు. తెలియనిదే 2004లో దావా ఎలా వేశారని మెజారిటీ న్యాయమూర్తులు అడిగారు. పైగా కారణాన్ని రుజువు చేసే ఆశా లేదన్నారు. అంటే తెలుసుకోవడంలో ఆలస్యమైంది, రుజువుకేమో ఇంకా చాలినంత తెలియదు. రెండూ ఒకే తీర్పులో ఇమిడాయి. ఎంపీ తప్పు తేల్చడానికి ఆ దేశానికి నాలుగు వారాలు చాలాయి.

బారన్ వదల్లేదు. ఆయన, సైనికుల సంఘం పట్టుపట్టగా 2015లో ముసలి సైనికుల కోసం 25 మిలియన్ పౌండ్ల నిధి ప్రకటించారు, అదీ అణుపరీక్షలవాళ్లకు మాత్రమే కాదు, అందరికీ. ఆ ఏడాదే చిన్న దేశం ఫిజీ, బ్రిటన్ కోసం ఎదురుచూడటం మానేసి, బతికి ఉన్న తన సైనికులకు తానే డబ్బిచ్చింది.

గిబ్సన్ 2021 ఏప్రిల్ 9న, 82 ఏళ్ల వయసులో, పోయారు. 2022 నవంబరు 21న రిషి సునాక్ అణుపరీక్షల సైనికులకు పతకం ప్రకటించారు. మొదటి పేలుడు జరిగి అప్పటికి డెబ్బై ఏళ్లు. పిల్లల ప్రశ్నకు ఒక జవాబు కూడా ఆ ఏడాదే వచ్చింది. లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ముప్పై సైనిక కుటుంబాల జన్యువులను ఇతర కుటుంబాలతో పోల్చి, తండ్రుల నుంచి పిల్లలకు కొత్త జన్యులోపాలు ఎక్కువగా సంక్రమించిన ఆనవాలు లేదన్నారు. ముప్పై కుటుంబాలు కొద్ది సంఖ్యే. కొందరు ఊపిరి పీల్చుకున్నారు, కొందరు నమ్మలేదు. రోలాండ్ అంకెలనూ ఈ అంకెలనూ పక్కపక్కన పెట్టి గిబ్సన్ ఏమని ఉండేవారో. తన వాదానికి బలమిచ్చినా, ఇవ్వకపోయినా, కాగితం చదవకుండా మాట్లాడే మనిషి కాదాయన.

పేలుళ్ల సమయంలో తమ రక్తం, మూత్రం తీసి చేసిన పరీక్షల కాగితాలు ఎక్కడున్నాయో చెప్పమని సైనికులు అడుగుతూనే ఉన్నారు. సభలో ఆ ప్రశ్న ఇప్పుడు వేరే ఎంపీల పేర్ల మీద నడుస్తోంది.