జంట బ్యాటరీ వ్యవస్థ (వాహనాలు)

జంట బ్యాటరీ వ్యవస్థ అనగా మోటారు వాహనంలో ఇంజనును స్టార్టు చేసే బ్యాటరీకి తోడుగా మరొక బ్యాటరీని అమర్చి, ఫ్రిజ్జు, దీపాలు వంటి ఉపకరణాలకు ఆ రెండవ బ్యాటరీ నుండి మాత్రమే విద్యుత్తును అందించే ఏర్పాటు. ఈ రెండవ దానిని సహాయక బ్యాటరీ అంటారు. ఆస్ట్రేలియాలో ఎడారి ప్రాంతాలకు వెళ్ళే జీపు తరహా వాహనాలలో ఇది సర్వసాధారణం. ఫ్రిజ్జును ఎక్కువసేపు నడపడానికే దీనిని అమరుస్తారని చాలామంది భావిస్తారు. కాని దీని మొదటి ప్రయోజనం వేరు. రాత్రంతా ఫ్రిజ్జు నడిచినప్పటికీ, తెల్లవారి ఇంజను స్టార్టు కావడానికి అవసరమైన విద్యుత్తు తరిగిపోకుండా ఇది కాపాడుతుంది.

నేపథ్యము

ఆస్ట్రేలియా లోతట్టు ప్రాంతాలలో ఊరికీ ఊరికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంటుంది. నార్స్‌మన్ నుండి సెడూనా వరకు నల్లార్బర్ మైదానం మీదుగా సాగే రహదారి పొడవు సుమారు 1,200 కిలోమీటర్లు. సింప్సన్ ఎడారిలో వెయ్యికి పైగా ఇసుక తిన్నెలను దాటడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ మార్గంలో మొబైల్ ఫోన్లు చాలావరకు పనిచేయవు. వేసవి తీవ్రత కారణంగా ప్రతి ఏటా డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు అక్కడి ఎడారి ఉద్యానవనాలను మూసివేస్తారు. ఇటువంటి చోట బ్యాటరీ అడుగంటి ఇంజను కదలకపోతే అది చిన్న ఇబ్బందితో పోదు, ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

ఫ్రిజ్జు అవసరం కూడా చల్లని పానీయాలకే పరిమితం కాదు. మాంసం, పాలు సరే, ఇంకా వాడని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు కనుక దానిని ఫ్రిజ్జు లోపలి గోడకు ఆనించి ఉంచరాదు.

ఫ్రిజ్జులలో రకాలు

వాహనాలలో మూడు రకాల శీతల పేటికలను వాడుతారు. 1834లో ఝాఁ పెల్టియే కనుగొన్న ఫలితం ఆధారంగా పనిచేసేవి చవకైనవి. అయితే ఇవి బయటి ఉష్ణోగ్రత కంటే సుమారు 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు, పైగా సాధారణంగా విరామం లేకుండా విద్యుత్తును తీసుకుంటాయి. బయట 42 డిగ్రీలున్న రోజున ఇటువంటి పేటికను ఫ్రిజ్జు అనడం అతిశయోక్తే. రెండవది 1922లో స్వీడన్‌కు చెందిన ప్లాటెన్, ముంటెర్స్ రూపొందించిన శోషణ రకం. ఇది గ్యాసుతో చక్కగా నడుస్తుంది కాని, సమతలంగా నిలిపి ఉంచాలి. మూడవది కంప్రెసరు రకం. ఇది లోపల కావలసినంత చల్లబడగానే ఆగిపోతుంది, తిరిగి అవసరమైనపుడు నడుస్తుంది. సహాయక బ్యాటరీతో నడపడానికి తగినది ఇదే.

స్టార్టింగు బ్యాటరీ ఎందుకు చాలదు

స్టార్టరు మోటారు సుమారు 300 ఆంపియర్ల విద్యుత్తును మూడు సెకన్లపాటు తీసుకుందనుకుందాం. లెక్క వేస్తే అది కేవలం పావు ఆంపియర్-గంట. 4 ఆంపియర్లు తీసుకొనే ఫ్రిజ్జు నాలుగు నిమిషాలలో అంత వాడుతుంది. స్టార్టింగు బ్యాటరీలో పలుచని సీసపు పలకలు చాలా ఉంటాయి. ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తును ఇచ్చి, వెంటనే తిరిగి నిండడం వాటి పని. నెమ్మదిగా అడుగువరకు ఖాళీ చేస్తే ఆ పలకలు త్వరగా పాడవుతాయి. సహాయక బ్యాటరీలో పలకలు మందంగా ఉంటాయి. మన ఇళ్ళలో ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీ కూడా ఈ కోవకు చెందినదే.

ఎంత సామర్థ్యం కావాలి

40 లీటర్ల కంప్రెసరు ఫ్రిజ్జు నడిచేటపుడు 4 ఆంపియర్లు తీసుకుంటుందని అనుకుందాం. వాతావరణం ఆహ్లాదంగా ఉంటే అది గంటలో మూడవ వంతు కాలం నడుస్తుంది, అంటే రోజుకు సుమారు 32 ఆంపియర్-గంటలు. మండుటెండలో సగం కాలం నడిస్తే 48 ఆంపియర్-గంటలు అవుతుంది. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో సగం మాత్రమే వాడడం మంచిది కనుక, వాహనం కదలకుండా ఉంటే మొదటి సందర్భంలో ఒకటిన్నర రోజు, రెండవ సందర్భంలో ఒక్క రోజు గడుస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వరకు వాడుకోవచ్చు. దీని ఖరీదు ఎక్కువైనా, బరువు సీసపు దానిలో దాదాపు సగమే. ఫ్రిజ్జును ఇంట్లోనే చల్లబరచి, చల్లని వస్తువులతో నింపి బయలుదేరితే మొదటి రోజు ఖర్చు బాగా తగ్గుతుంది.

ఛార్జింగు

ఇంజను నడుస్తున్నపుడు ఆల్టర్నేటరు రెండు బ్యాటరీలను నింపాలి, ఇంజను ఆగగానే ఆ రెండూ విడిపోవాలి. పాత వాహనాలలో ఈ పనికి వోల్టేజిని గమనించే రిలేను వాడతారు. స్టార్టింగు బ్యాటరీ వద్ద వోల్టేజి సుమారు 13.3కు చేరగానే ఇది రెంటినీ కలుపుతుంది, 12.8 వద్ద విడదీస్తుంది. అయితే ఇంధనం ఆదా చేయడానికి నేటి వాహనాలలో చాలావాటి ఆల్టర్నేటర్లు తమ వోల్టేజిని మధ్యమధ్య తగ్గిస్తాయి. అటువంటి వాటిలో రిలే ప్రయాణం మధ్యలోనే విడిపోవచ్చు, లేదా సహాయక బ్యాటరీ ఎన్నటికీ పూర్తిగా నిండకపోవచ్చు. అందువలన వాటిలో డీసీ-డీసీ ఛార్జరును అమరుస్తారు. ఇది తనకు అందిన వోల్టేజి ఎంతైనా, బ్యాటరీకి తగినట్లు మార్చి ఇస్తుంది. 25 ఆంపియర్ల ఛార్జరుతో 50 ఆంపియర్-గంటలు నింపడానికి లెక్క ప్రకారం రెండు గంటలు చాలు. కాని సీసపు బ్యాటరీ నిండుతున్న కొద్దీ తక్కువ విద్యుత్తును స్వీకరిస్తుంది, కనుక చివరి భాగానికి మరికొన్ని గంటలు పడుతుంది. శిబిరం నుండి దుకాణానికి వెళ్ళివచ్చే అరగంట ప్రయాణం దీనికి సరిపోదు. ఒకే చోట పలు రోజులు ఉండేవారు సౌర ఫలకాన్ని జోడించుకుంటారు.

తీగలు, వోల్టేజి నష్టము

ఫ్రిజ్జు పాడైందని అనుకొనే సందర్భాలలో చాలా వరకు తప్పు తీగలలో ఉంటుంది. బ్యాటరీ ఇంజను వద్ద, ఫ్రిజ్జు డిక్కీలో ఉంటే మధ్య దూరం 6 మీటర్లు అనుకుందాం. విద్యుత్తు పోయి రావాలి కనుక తీగ పొడవు 12 మీటర్లు. డిక్కీలోని సాకెట్టుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఉంటే దాని నిరోధం 0.14 ఓములు. 5 ఆంపియర్ల వద్ద 0.7 వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ వద్ద 12.0 వోల్టులు ఉన్నా ఫ్రిజ్జుకు అందేది 11.3 మాత్రమే. బ్యాటరీ రక్షణకై ఫ్రిజ్జులో ఉండే స్విచ్చిని 11.4 వద్ద ఆగేలా అమర్చి ఉంటే కంప్రెసరు ఆగిపోతుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. కంప్రెసరు ఆగగానే తీగలో ప్రవాహం ఉండదు, కనుక నష్టమూ ఉండదు. అప్పుడు సాకెట్టు వద్ద మీటరు పెట్టి చూస్తే 12 వోల్టులకు పైనే కనిపిస్తుంది. యజమాని తీగను అనుమానించక ఫ్రిజ్జును మరమ్మతుకు పంపుతాడు. కంప్రెసరు నడుస్తున్నపుడు ఫ్రిజ్జు ప్లగ్గు వద్ద కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అదే దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.18 వోల్టుకు తగ్గుతుంది.

తీగ కొనేటపుడు మరొక పొరపాటు జరుగుతుంది. ఆస్ట్రేలియాలో "6 ఎం.ఎం." ఆటో తీగగా అమ్మే దానిలో ఆ అంకె పై తొడుగుతో కలిపిన వ్యాసాన్ని సూచిస్తుంది, లోపలి రాగి వైశాల్యం సుమారు 4.6 చదరపు మిల్లీమీటర్లే. భారతదేశంలో తీగలను సాధారణంగా చదరపు మిల్లీమీటర్లలోనే అమ్ముతారు కనుక ఇక్కడివారు ఆ అంకెను అదే అర్థంలో తీసుకొని మోసపోయే అవకాశం ఉంది. సిగరెట్ లైటరు సాకెట్టు కూడా ప్రయాణపు కుదుపులకు వదులవుతుంది. మరలతో బిగించే ప్లగ్గు మేలు.

భద్రత

రెండు బ్యాటరీల మధ్య వేసే తీగకు ఇరువైపులా, ఆయా బ్యాటరీలకు వీలైనంత దగ్గరగా ఫ్యూజులు ఉండాలి. ఒకవైపు మాత్రమే పెడితే, తీగ ఒరుసుకొని వాహనపు ఇనుప చట్రానికి తగిలినపుడు రెండవ బ్యాటరీ నుండి వచ్చే ప్రవాహాన్ని ఆపేది ఉండదు, తీగ మండిపోతుంది. నీరు పోసే సీసపు బ్యాటరీ ఛార్జింగు సమయంలో హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది కనుక దానిని మనుషులు కూర్చొనే భాగంలో ఉంచరాదు. లిథియం బ్యాటరీలు ఇంజను వేడికి త్వరగా పాడవుతాయి, అందువలన వాటిని బానెట్టు కింద కాక వెనుక భాగంలో అమరుస్తారు. అక్కడ కూడా బ్యాటరీని చట్రానికి గట్టిగా బిగించాలి. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ బరువు దాదాపు 30 కిలోలు.