మా పేరు చెప్పండి

మా అత్తగారున్న రోజుల్లో, ఇంట్లో ఏ కొత్త మనిషితో పని పడినా ముందుగా ఆవిడ చెప్పే మాట ఒకటే. "ఫలానావారు పంపించారని చెప్పవే అమ్మాయ్!" కంసాలి దగ్గరికి వెళ్ళినా సరే, నెయ్యి పోసే ఆవిడ దగ్గరికి వెళ్ళినా సరే, ఆ ముక్క అనకుండా గడప దిగడానికి వీల్లేదు. పనయ్యాక కథ అక్కడితో ముగిసేదా? అబ్బే! మనల్ని పంపినవాళ్ళింటికి నాలుగు అరటిపళ్ళో, గిన్నెడు గోంగూర పచ్చడో పట్టుకెళ్ళాలి. "వాళ్ళ పేరు వాడుకున్నాం కదుటే, ఊరికే పోతుందా?" అనేవారు.

డబ్బు పారేస్తే జరిగిపోయే పనికి మధ్యలో ఈ పేర్లేమిటి, ఈ పచ్చళ్ళేమిటి అని నేను లోలోపల విసుక్కునేదాన్ని. పైకి అనే ధైర్యం లేదనుకోండి. సరిగ్గా ఈ చాదస్తమే తొమ్మిది వందల ఏళ్ళ కిందట అరేబియా సముద్రం మీద లక్షణంగా పెద్ద పెద్ద వ్యాపారాలు నడిపిందని ఆవిడ పోయాక ఎప్పటికో గాని నాకు తెలియలేదు. తెలిసుంటే ఆవిడకి చదివి వినిపించేదాన్ని.

ఆ సంగతి మనదాకా రావడమే ఒక కథ. కాగితం కాలికి తగిలితే మనం కళ్ళకద్దుకుంటామే, యూదులలోనూ అలాంటి ఆచారం ఒకటుంది. దేవుడి పేరున్న కాగితాన్ని చించి పారెయ్యకూడదు. పాత కైరోలో, అంటే ఫుస్తాత్‌లో, బెన్ ఎజ్రా ప్రార్థనామందిరంలో అలాంటి కాగితాలు పడెయ్యడానికి ఒక గది ఉండేది. దాన్ని గెనీజా అంటారు. పవిత్ర గ్రంథాల పుటలతోపాటు పెళ్ళి ఒప్పందాలూ, చాకలి పద్దుల్లాంటి చిల్లర లెక్కలూ, వర్తకుల ఉత్తరాలూ కూడా వందల ఏళ్ళపాటు అందులోనే పడ్డాయి. ఉత్తరం మొదట్లో దేవుణ్ణి తలుచుకోకుండా రాసేవారెవరు గనక!

1896లో కవల అక్కచెల్లెళ్ళు ఎగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ తూర్పుదేశాల యాత్రలో కొన్న పాత పుటలు తీసుకొచ్చి కేంబ్రిడ్జిలో సాలమన్ షెక్టర్ అనే పండితుడికి చూపించారు. అందులో ఒకదాన్ని చూసి ఆయన నిలవలేకపోయాడు. వెంటనే కైరో ప్రయాణం కట్టాడు. ఉత్త చేతులతో కాదు, లండన్‌లోని యూదుల ప్రధాన గురువు దగ్గర కైరో గురువుకి సిఫారసు ఉత్తరం రాయించుకుని మరీ వెళ్ళాడు. ఆ ఉత్తరం పుణ్యమా అని గది తలుపు తెరుచుకుంది. సుమారు రెండు లక్షల కాగితాల ముక్కలు కేంబ్రిడ్జి చేరాయి. సిఫారసు ఉత్తరాలతో నిండిన గదికి తాళంచెవి మళ్ళీ ఒక సిఫారసు ఉత్తరమే అయింది, చూశారా!

ఆ కాగితాల్లోంచి, ఇరవయ్యో శతాబ్దంలో గోయిటైన్ అనే చరిత్రకారుడు మన హిందూదేశంతో వ్యాపారం చేసిన వర్తకుల ఉత్తరాలు ఏరి, ఏళ్ళ తరబడి కూర్చుని చదివాడు. వాళ్ళలో నాకు బాగా దగ్గరైన మనిషి అబ్రహాం బెన్ యీజూ. ఈయన సొంతవూరు ఇప్పటి ట్యునీషియా దేశంలోని మహదియా రేవు. అక్కణ్ణుంచి ఎర్రసముద్రం కొసనున్న ఏడెన్‌కి వచ్చాడు, ఏడెన్ నించి మన పడమటి తీరానికి వచ్చాడు. 1132 నాటికే ఇక్కడున్నాడు. మంగళూరులోనూ ఆ చుట్టుపక్కల మలబారు రేవుల్లోనూ ఉంటూ, చివరికి 1149లో తిరిగి వెళ్ళిపోయాడు.

పరాయి దేశం, పరాయి భాష. బ్యాంకి లేదు, తంతి లేదు. గాలివాటం చూసుకుని ఏడాదికి ఒక్క అదనులో ఓడలు కదిలితే, ఉత్తరానికి జవాబు మరుసటేడాదికి వచ్చినా వచ్చినట్టే. మిరియాలూ, అల్లం, వక్కలూ, ఇనుమూ సముద్రం దాటించి, వాటి సొమ్ము మళ్ళీ చేతికి రావాలంటే అవతలి ఒడ్డున నమ్మకమైన మనిషి ఉండాలి. బెన్ యీజూకి ఆ మనిషి మద్మూన్. ఆయన ఏడెన్‌లో యూదులకి పెద్ద, వర్తకులకి ప్రతినిధి. మద్మూన్ పేరే బెన్ యీజూకి పెట్టుబడి.

వీళ్ళ మధ్య ఏర్పాటు ఎలాంటిదంటారా? నీ సరుకు నేనిక్కడ అమ్మిపెడతాను, నా సరుకు నువ్వక్కడ కొనిపెట్టు. ఇందులో జీతమూ లేదు, కమీషనూ లేదు. దీన్ని అరబ్బీలో సుహ్బా అంటారు, దాదాపు మన సహవాసం లాంటి మాట. కోర్టులు లేవనుకునేరు, ఉన్నాయి. కాగితం మీద రాసుకున్న భాగస్వామ్యాలూ ఉన్నాయి. కానీ రోజువారీ బండి నడిచింది మాత్రం ఎక్కువగా ఈ సహవాసం మీదే.

మద్మూన్ తన ఉత్తరాల్లో ధరవరలు రాస్తాడు, ఏది పంపితే అమ్ముడవుతుందో చెబుతాడు. అక్కడితో ఆగడు. మంగళూరులో ఉన్న బనియా వర్తకులకి నా తరఫున సలాములు చెప్పు, వాళ్ళంటే నాకెంత ఆపేక్షో చెప్పు, కలిసి వ్యాపారం చేద్దామన్నానని చెప్పు అని పురమాయిస్తాడు. ఈయన యూదుడు, వాళ్ళు హిందువులు. వీళ్ళ సరుకు మోసిన ఓడల్లో కొన్ని సీరాఫ్ రేవుకి చెందిన రామిష్ట్ అనే ముస్లిం వర్తకుడివి. మతం అడ్డం రాలేదు. "ఫలానావారు పంపించారు" అన్న మాట అన్ని గడపలూ దాటింది.

ఇక కానుకల సంగతి. వ్యాపారం లెక్కలన్నీ రాశాక, ఉత్తరం చివర చిన్న జాబితా ఒకటి ఉంటుంది. మంచి కాగితం, పంచదార, ఎండుద్రాక్ష, బాదంపప్పు. ఏడెన్‌లో మిత్రులు ఏటేటా బెన్ యీజూకి పంపిన వస్తువులివి. ఈ తీరంలో అప్పట్లో తాటాకులే గాని కాగితం దొరకడం కష్టం. పెరట్లో పూచే పువ్వు కాదు గనక, ఆయనకది బంగారంతో సమానం. ఆ జాబితాకి ముందు తప్పకుండా ఒక మాట రాస్తారు, "ఏ విలువా లేని వస్తువులు కొన్ని పంపుతున్నాను" అన్న అర్థంలో. మనం "ఏదో పత్రం, పుష్పం" అంటామే, అచ్చం అలాగే! బెన్ యీజూ ఇటునుంచి వక్కలూ, ఇత్తడి గిన్నెలూ, నిమ్మకాయా అల్లమూ ఊరవేసిన సీసాలూ పంపేవాడు. అది చదివినప్పుడు నాకు మా అత్తగారి గోంగూర పచ్చడి గిన్నె కళ్ళముందు కదిలింది.

ఈయన ఇక్కడ కంచుపాత్రల కర్మాగారం ఒకటి పెట్టాడు. ఏడెన్‌లోని మిత్రులు విరిగిన, సొట్టలు పడ్డ పాత సామాన్లు తూకం వేయించి ఓడెక్కించేవారు. వాటిని కరిగించి దీపపు సెమ్మె ఇలా చేయించు, చెంబు అలా పోయించు అని ఉత్తరంలో వివరంగా రాసేవారు. మనం పాత బిందె కంచరాయనకిచ్చి కొత్తది చేయించుకోవడం లేదూ? కాకపోతే ఈ కంచరి అంగడి సముద్రానికి అవతలి ఒడ్డున ఉంది. ఎవరి ఇత్తడి ఎంత తరిగిందో అడిగే దిక్కు లేదు, నమ్మకమొక్కటే తక్కెడ.

అయితే ఈ పేరు అరువిచ్చే వ్యవహారంలో చిక్కులు లేకపోలేదు. నా అనుభవం ఒకటి చెబుతాను. ఒకసారి పక్కింటావిడకి ఒక కుట్టుపని అతన్ని నేనే చూపించాను. "మా పేరు చెప్పండి, బాగా కుడతాడు" అన్నాను కూడా. పట్టు జాకెట్టు గుడ్డలు రెండు తీసుకుని అతగాడు ఊరే విడిచిపోయాడు. పోయిన గుడ్డల ఖరీదెంతో ఆవిడ నన్నడగలేదు. ఆర్నెల్లపాటు నాతో మాట్లాడటం మాత్రం మానేసింది. పోయింది ఆవిడ గుడ్డ కాదు, నా పేరు అని అప్పుడర్థమైంది నాకు.

బెన్ యీజూకీ ఇలాంటిదే జరిగింది. ఏలకుల కోసమని ఇక్కడి దళారి ఒకడికి ముందుగా డబ్బిచ్చాడు. అందులో ఏడెన్ మిత్రుల సొమ్మూ ఉంది. సరుకు రాలేదు. మాట తప్పినవాణ్ణి ఇక్కడ నలుగురిలో నిలబెడతామని అతనికి చెప్పి బెదిరించమని అటునుంచి ఒకరు సలహా రాశారు. అది నీకూ అతనికీ మధ్య వ్యవహారం, నష్టంతో మాకు సంబంధం లేదని కూడా అన్నారు. ఈ ఏలకుల గొడవ ఒక్క ఉత్తరంతో తేలలేదు. అయినా సలాములు ఆగలేదు, పంచదార ఆగలేదు. మాట్లాడటం మానేసిన పక్కింటావిడకంటే వాళ్ళు నయమేమో!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇక్కడ ఉండగా బెన్ యీజూ ఆషు అనే బానిసపిల్లని 1132 అక్టోబరులో విడిపించాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. ఆయన పిల్లలకి ఆమే తల్లి అని చరిత్రకారులు భావిస్తున్నారు. ఆయన పనుల మీద ఏడెన్ వెళ్ళివచ్చిన తుళుదేశపు బానిస బొమ్మకి కూడా మిత్రులు ఉత్తరాల్లో సలాములు చెప్పారు, పిల్లల్ని దీవించారు. ఆషు మాట మాత్రం ఎత్తలేదు. అంత కృతజ్ఞత తెలిసిన మనుషులకి ఆ ఇంటి ఇల్లాలికి రెండు ముక్కలు రాయడానికి కాగితం చాలలేదు కాబోలు.

1148లో సిసిలీ రాజు సేనలు మహదియాని పట్టుకున్నాయి. బెన్ యీజూ అన్నదమ్ములు చెల్లాచెదురయ్యారు. మరుసటేడు ఈయన సంపాదించుకున్నదంతా వెంటబెట్టుకుని పిల్లలతో ఏడెన్ చేరాడు, అన్నదమ్ముల్ని ఆదుకుంటానని ఉత్తరం రాశాడు. ముబష్షిర్ అనే సోదరుడు వచ్చాడు. వచ్చి, ఈయనకి వెయ్యి దీనారాలకు టోపీ వేసి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి సముద్రం అవతల పరాయివాళ్ళ చేతుల్లో సొమ్ము పెట్టి కుదురుగా బతికిన మనిషిని తోడబుట్టినవాడు ముంచాడు. కొడుకు కూడా పోయాడు. కూతురొక్కతే మిగిలింది. ఆమె పేరు సిత్ అల్ దార్, అంటే ఇంటి యజమానురాలు అని అర్థం.

ఈయన యెమన్ లోపలి భూముల్లో తిరుగుతున్న కాలంలో ఆ పిల్లని మూడేళ్ళు ఏడెన్‌లో ఖలఫ్ ఇబ్న్ బుందార్ అనే ఆయన ఇంట్లో పెంచారు. తరవాత వాళ్ళబ్బాయికి చేసుకుంటామని అడిగారు. బెన్ యీజూ ఒప్పుకోలేదు. పరాయివాళ్ళకంటే అన్నదమ్ముల బిడ్డకే హక్కెక్కువ అన్నాడు. యూసుఫ్ అనే మరో సోదరుడి కొడుక్కి ఇస్తానన్నాడు. ఆ పెళ్ళి 1156లో ఫుస్తాత్‌లో జరిగింది. పెళ్ళికూతురి సారె జాబితా కూడా ఆ గదిలోనే దొరికింది.

ఈ భాగం నేను రెండుసార్లు చదివాను. పంచదారకి ఊరగాయ పంపి ఋణం తీర్చుకోవచ్చు. మూడేళ్ళు మన పిల్లని తమ పిల్లతోపాటు చూసుకున్న ఇంటావిడ ఋణం ఏం పంపితే తీరుతుంది? ఆ ఇల్లాలి పేరు మనకి తెలియదు. ఆ పిల్ల మనసు ఎవరూ అడిగినట్టూ లేదు.

ఓసారి మా అత్తగారిని ఉడుకుమోత్తనంతో అడిగాను, "ఇలా ఇచ్చిపుచ్చుకుంటూ పోతే ఈ ఋణాలు ఎప్పటికి తీరుతాయండీ?" అని.

ఆవిడ పచ్చడి గిన్నె మీద మూత పెడుతూ, "తీర్చేసుకోవడానికి కాదే పిచ్చిదానా, తీరకుండా ఉంచుకోవడానికి. తీరిపోతే ఇంక వాళ్ళింటికెళ్ళే పనేముంది?" అన్నారు.

మొన్న మా కోడలు ప్లంబరు కోసం ఫోనులో వెతుకుతోంది. దాంట్లో చుక్కలు చూసి మనిషిని ఎంచుకుంటారట. నేను ఊరుకోలేకపోయాను. "ఎదురింటివాళ్ళకి తెలిసిన మంచి మనిషి ఉన్నాడు. వాళ్ళ పేరు చెప్పి పిలువు" అన్నాను. తను నవ్వింది, నేను ఒకప్పుడు లోలోపల నవ్వుకున్నట్టే.

పంపు బాగయింది. సాయంత్రం చూస్తే మా కోడలు చిన్న డబ్బాలో ఏదో సర్దుతోంది.

"ఏమిటమ్మా అది?" అన్నాను.

"ఏం లేదత్తయ్యా, కొంచెం మాగాయి. ఎదురింటివాళ్ళకి" అంది.