సైప్రస్ ధ్రువపత్రం

తలసీమియా పేరులో గ్రీకుల 'సముద్రం' ఉన్నది. తొలుత గుర్తించిన రోగులు మధ్యధరా తీరవాసుల సంతానమే. ఆ సముద్రంలోని సైప్రస్‌లో ప్రతి ఏడుగురిలో ఒకరు ఈ జన్యులోపానికి వాహకులు. వారికి మలేరియా నుండి కొంత రక్షణ లభించి ఉంటుందని 1949లో హాల్డేన్ ఊహించాడు (ఈయనే తరువాత భారత పౌరుడై భువనేశ్వర్‌లో కన్నుమూశాడు).

వాహకుడు రోగి కాడు. దంపతులిద్దరూ వాహకులైతే మాత్రం ప్రతి గర్భంలోనూ శిశువుకు వ్యాధి సోకే అవకాశం 25 శాతం. అందుకే 1983 నుండి అక్కడి చర్చి వివాహానికి ముందు రక్తపరీక్ష ధ్రువపత్రం కోరసాగింది. గమనించండి, ఆ పత్రం ఫలితాన్ని వెల్లడించదు, పెళ్లిని ఆపదు. వాహకులైన జంటల్లో అత్యధికులు పెళ్లాడారు. గర్భస్థ శిశువుకు పరీక్ష చేయించుకొని, ఆపై నిర్ణయం తామే తీసుకున్నారు. వ్యాధిగ్రస్త జననాలు దాదాపు ఆగిపోయాయి.