ఈతముల్లు వ్రాత

పండ్రెండు నెలలలో పదుమూడు పండుగలని వంగదేశమున ఒక సామెత కలదు. ఆ పండుగలలో ఏది వచ్చినను, ఇంట ఏ శుభకార్యము తలపెట్టినను, ఆడువారు మొదట తలచుకొనునది పిఠా. ఇది ముఖ్యముగా వరిపిండితో చేయు భక్ష్యము. సంస్కృతమున పిష్టమనగా పిండి; పిష్టకమను మాటయే బెంగాలీలో పిఠాగా మారినది. కొన్ని పిఠాలను ఆవిరిపై ఉడికింతురు. కొన్నింటిని పెనముపై కాల్తురు. కొన్నింటిని పాలలో మరగింతురు. కొన్నింటిని నూనెలో వేయింతురు. మార్గశీర్షమున కొత్తవరి ఇల్లు చేరినప్పుడు నవాన్నపు పండుగ, పుష్యమాసము చివర సంక్రాంతి పండుగ ఈ వంటలకు ముఖ్యసమయములు. తెలుగువారు కొత్తబియ్యపు పిండిని బెల్లపు పాకమున కలిపి అరిసెలు వండుకొను దినములలోనే బెంగాలీలు పిఠాలు చేసికొందురు.

ఈ పిఠాలలో ఒక రకమునకు రుచితోపాటు రూపమును ప్రధానమే. దానిని నక్షీ పిఠా అందురు. నక్ష అనునది అరబ్బీనుండి పారసీకము ద్వారా భారతీయ భాషలలో ప్రవేశించిన మాట. తెలుగున నగిషీ అను పదమును, చేర్యాల చిత్రకారులకు గల నకాషీలను పేరును ఆ మూలమునుండి వచ్చినవే. ఢాకా, నారాయణగంజ్, నర్సింగ్ది, కిశోర్‌గంజ్, మైమన్‌సింగ్, కుమిల్లా ప్రాంతములు, అనగా నేటి బంగ్లాదేశమున తూర్పు మధ్యభాగములు, ఈ విద్యకు పుట్టినిండ్లు. పెండ్లికి, కొత్తల్లుని రాకకు, ఈదు పండుగకు, దూరపు చుట్టములు దిగినప్పుడు దీనిని చేయుదురు. హిందువుల ఇండ్లలోను ముస్లిముల ఇండ్లలోను పద్ధతి ఒక్కటే.

దీనిని చేయు విధము తెలిసినగాని దీని చరిత్ర బోధపడదు. పచ్చిబియ్యమును కాలితో త్రొక్కెడి రోకలి క్రింద దంచి, జల్లించి, మెత్తని పిండి తీయుదురు. మరగు నీటిలో ఆ పిండిపోసి ఉడికించి, వేడి చల్లారకముందే చేతులతో మర్దింతురు. వేడిగానున్నప్పుడు మర్దింపని పిండి తరువాత పగుళ్లు వారును. ఆ ముద్దను మందపు రొట్టెగా ఒత్తి, ముల్లు అంటుకొనకుండ పైన నూనె రాచి, వృత్తముగనో ఆకుగనో చేపగనో కోయుదురు. అప్పుడు ఈతముల్లు చేతబట్టి గీత ప్రారంభింతురు. సూది, వెదురు పుల్ల, జనుపకట్టె వంటివియు పనికివచ్చునుగాని ఈతముల్లే ముఖ్యమైన కలము. ముల్లుతో గీయుట మాత్రమే కాదు. పిండిని అక్కడక్కడ చెక్కి, పైకి లేపి, రేకులుగా విరిచి నిలుపుదురు. గీసిన పిఠాను మొదట ఒకసారి నూనెలో వేయించి దాచుదురు. అది కొన్ని దినములు చెడకుండును. అతిథి వచ్చిననాడు మరల వేయించి, పాకమున ముంచి, పళ్లెరమున పెట్టుదురు.

ఆ పాకమునకు శ్రేష్ఠమైనది ఈతబెల్లము. తెలుగునాట కల్లునిచ్చు ఈతచెట్టే బెంగాలున చలికాలపు బెల్లమునకు ఆధారము. కార్తికమునుండి ఫాల్గుణమువరకు చెట్టు మెడను చెక్కి, రాత్రివేళ కుండలోనికి కారిన రసమును తెల్లవారగనే కాచి బెల్లము చేయుదురు. గీతను గీయు ముల్లు, ఆ గీతలో ఇంకు తీపి, రెండును ఒక్క చెట్టు ఇచ్చినవే. పల్లెటూరి ఇల్లాలికి ఈ కళకై కాసు వెచ్చింపవలసిన పని లేకపోయెను. పెరటి చెట్టును పొలపు వరియు చాలినవి. ఎంత బీదయింటనైనను ఈ విద్య నిలిచియుండుటకు ఇది ఒక కారణము.

ఈ రూపములకు ఇంటింట పేర్లు గలవు. శంఖలత, కాజల్‌లత, హిజల్ ఆకు, మునగాకు, పద్మదీఘి, సాగరదీఘి, చంపాబరణ్, కన్యాముఖ్, జామాయిముఖ్, జామాయిముచ్‌డా, సతీన్‌ముచ్‌డా అనునవి వానిలో కొన్ని. కాజల్‌లత కాటుకబరిణె; దీఘి పెద్దచెరువు; చంపాబరణ్ సంపెంగవన్నె. జామాయి అనగా అల్లుడు, ముచ్‌డా అనగా మెలిక. ఈ పేర్ల జాబితా చదివిన యెడల ఒక స్త్రీ దినమంతయు తిరుగు చోట్లన్నియు కనబడును: నీళ్లకు వెళ్లు చెరువు, కూరకు కోయు ఆకు, కన్నులకు దిద్దుకొను కాటుక, ఇంటికి రానున్న అల్లుడు. చివరి పేరు మాత్రము పాఠకుని నిలుపును. సతీన్ అనగా సవతి. తీపిపదార్థమునకు సవతిమెలిక అని పేరు పెట్టుట విచిత్రముగా తోచవచ్చును. కాని బెంగాలున కులీన బ్రాహ్మణులలో బహుభార్యాత్వము ఎంత ప్రబలియుండెనో, దానికి విరోధముగా ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1871లోను 1873లోను గ్రంథములు ప్రకటింపవలసివచ్చిన సంగతి తెలియును. కన్నెపిల్లలు నోచు సేజుతి వ్రతపు మాటలలో సైతము సవతిపోరు తప్పించుమను కోరిక వినబడును. విద్యాసాగరుడు పుస్తకమున వ్రాసిన దుఃఖమును వ్రాయను చదువను నేర్వని స్త్రీలు తమకు తెలిసిన తావున ఒక పేరుగా నిలిపియుంచిరి.

బెంగాలీ సాహిత్యమున పిఠాలకు ప్రాచీనమైన స్థానమున్నది. కృష్ణదాస కవిరాజు రచించిన చైతన్యచరితామృతమున భక్తుల ఇండ్లలో చైతన్యునకు జరిగిన విందుల వర్ణనలో పిఠాల పేర్లు వచ్చును. పాణిహాటి గ్రామపు రాఘవ పండితుని సోదరి దమయంతి ఏటేట పూరీక్షేత్రమునకు పంపిన తినుబండారముల సంచుల కథయు అందే కలదు. వండినది ఒకచోట, తినువాడు నెలల దూరమున. చేతివంటయే ఆమె భక్తికి భాష అయినది.

అయితే ఈ విషయమున అన్నింటికంటె ముఖ్యమైన సాక్ష్యము కాజలరేఖ కథ. దినేశచంద్ర సేన్ సంపాదకత్వమున కలకత్తా విశ్వవిద్యాలయము 1923లో ప్రకటించిన మైమన్‌సింగ్ గీతికలో ఇది చేరియున్నది. తండ్రి అడవిలో విడిచిపోయిన కాజలరేఖ, ఒడలెల్ల సూదులు గ్రుచ్చబడి మృతప్రాయుడైయున్న రాజకుమారుని ఒక్కొక్క సూది తీసి బ్రతికించుచుండెను. చివర కన్నులలోని సూదులు మాత్రము మిగిలియుండగా ఆమె స్నానమునకు వెళ్లెను. తన కంకణమిచ్చి కొన్న దాసియే ఆ సూదులు తీసి, రాజకుమారుడు కన్ను తెరవగనే తానే రక్షించితినని చెప్పి రాణియయ్యెను. కాజలరేఖ దాసి అయ్యెను. కొంతకాలమునకు రాజునకు అనుమానము కలిగి, అతిథి వచ్చిన సందర్భమున ఇరువురి చేతిపనియు పరీక్షింపబడెను. దాసిరాణి వంట నోట పెట్టరానిదయ్యెను. కాజలరేఖ చంద్రుని ఆకారమున చంద్రపులి మొదలుకొని పలువిధముల పిఠాలు చేసి బంగారు పళ్లెరమున అమర్చెను. పిమ్మట ముగ్గువేయు పరీక్ష. దాసిరాణి కాకికాళ్లవంటి గీతలు గీచెను. కాజలరేఖ లక్ష్మీపాదములను, వరివెన్నులను దిద్దెను.

చూచినవారికి ఎవరు ఎవరో తెలిసిపోయినది. అయినను కాజలరేఖకు ఆనాడు న్యాయము జరుగలేదు. ఆమె కష్టములు ఇంకను సాగినవి. కడకు చిలుక నోరువిప్పి జరిగినది చెప్పినగాని ఆమె స్థానము ఆమెకు దక్కలేదు. కథచెప్పిన పల్లెజనము రెండు సంగతులు ఎరుగుదురు. స్త్రీ తానెవరో చెప్పుకొనలేని స్థితిలో ఆమె చేతిపని ఆమెను గూర్చి చెప్పును. కాని ఆ సాక్ష్యము ఒక్కటే చాలదు. దానిని పలుకుటకు వేరొక నోరు కావలెను.

బెంగాలీ స్త్రీలు తమ గీతకు మూడు తావులు ఎన్నుకొనిరి. తడిసిన వరిపిండితో నేలపై వేయునది ఆల్పనా. పాతచీరలను పొరలుగా కుట్టి వానిపై దారముతో దిద్దునది కాంథా. మూడవది పిఠా. తామరయు, వరివెన్నును, చేపయు మూడింటను కనబడును. కాని వాని ఆయుస్సులు వేరు. కాంథా తరములు నిలుచును. ఆల్పనా పాదములు సోకి చెరగువరకుండును. పిఠా ఒక్కపూట భోజనముతో ముగియును. ఇరువదవ శతాబ్దమున విద్యావంతుల దృష్టి మొదటి రెండింటిపై పడినది. అవనీంద్రనాథ ఠాకూరు 1919లో వ్రతములపై వ్రాసిన గ్రంథమున ఆల్పనలను చిత్రములతో పరిచయము చేసెను. జసీముద్దీన్ 1929లో ప్రకటించిన కావ్యముతో నక్షీ కాంథా అను మాట దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. పిఠాకు అట్టి భాగ్యము కలుగలేదు. కారణము స్పష్టము: దానిని సేకరించి పెట్టెలో దాచుట సాధ్యము కాదు.

సేకరింపగలిగినది అచ్చు ఒక్కటే. సందేశ్ అను పాలవిరుగుడు మిఠాయికిని, మామిడితాండ్రకును, పిఠాలకును కాల్చిన మట్టితోను, కొయ్యతోను, రాతితోను చేసిన అచ్చులు ఇండ్లలో ఉండెడివి. చేప, శంఖము, పువ్వు, శుభవివాహము అను అక్షరములు వానిపై తిరుగవేసి చెక్కబడియుండును. సిల్హెట్‌లో 1882లో జన్మించిన గురుసదయ దత్తు సివిల్ సర్వీసు ఉద్యోగియై జిల్లాలు తిరుగుచు కాంథాలతోను పటములతోను పాటు ఈ అచ్చులను గూడ కూర్చెను. ఆయన 1941లో మరణించిన పిమ్మట ఆ సేకరణతో కలకత్తా శివారున 1963లో ఆయన పేర వస్తుప్రదర్శనశాల తెరవబడినది. చిత్రకారుడు జైనుల్ ఆబెదీన్ ప్రయత్నమువలన 1975లో సోనార్‌గావ్‌లో జానపద కళాసంస్థ వెలసినది. ఇవి గొప్ప కార్యములే. కాని అచ్చు చెక్కినవాని పనితనమును చూపగలదేగాని, ముల్లుపట్టిన ఆమె పనితనమును చూపజాలదు. అచ్చున నూరును ఒక్కరీతి. ముల్లుతో గీసిన రెండు పిఠాలు ఒక్కరీతి ఉండవు.

పడమటి బెంగాలున మేదినీపూర్ ప్రాంతమున దీనికి ఒక చెల్లెలున్నది. దాని పేరు గహనా బొరి, అనగా నగల వడియము. మినప్పప్పు రుబ్బి, తేలికయగువరకు చేతితో గిలుకొట్టి, గుడ్డకు చిన్న రేకుగొట్టము అమర్చి, అందు పిండినింపి పళ్లెములో పరచిన గసగసాలపై పిండుచు హారములు, కర్ణభూషణములు, పువ్వులు గీయుదురు. శీతకాలపు ఎండలో ఎండినపిమ్మట నూనెలో వేయింతురు. 1930లో మహిషాదల్ ప్రాంతపు విద్యార్థిని ఒకతె తన ఇంటి పెద్దలు చేసిన ఈ వడియములను శాంతినికేతనమున రవీంద్రునకు సమర్పించెను. ఆయన మిక్కిలి సంతోషించి, వీని ఛాయాచిత్రములను కళాభవనమున భద్రపరచుటకు అనుమతి కోరుచు ఆ స్త్రీలకు లేఖ వ్రాసెను. ఇట్టివానిని వేయించుట కళను నాశనము చేయుటయని అవనీంద్రుడు భావించెను. ఆ మాటలో ఎంత గౌరవమున్నదో అంత పొరపాటును కలదు. వేయింపని వడియము అలంకారమేగాని ఆతిథ్యము కాదు. చేసిన స్త్రీలు దానిని అతిథి విస్తరిలో ఉంచుటకే చేసిరి.

1947లో దేశము విభజింపబడినప్పుడు నక్షీ పిఠా పుట్టిన పల్లెలు తూర్పు పాకిస్తానమునకును, 1971 పిమ్మట బంగ్లాదేశమునకును చెందినవి. సరిహద్దు దాటివచ్చిన కుటుంబములు కలకత్తా శివారు కాలనీలకు ఈ విద్యను వెంటతెచ్చిరి. కాని దంచు రోకలిని తేలేకపోయిరి, పెరటి ఈతచెట్టును తేలేకపోయిరి. నేడు పిండి మరలో ఆడును. నగరములలో పిఠా ఉత్సవములు జరుగును, అంగళ్లలో నక్షీ పిఠాలు అమ్ముడుపోవును. పుట్టినరోజునకు ఇంట కేకు కాల్చి, వెన్నయు చక్కెరయు కలిపిన ముద్దను సంచిలో నింపి, కొనను పిండుచు పువ్వులు దిద్ది బిడ్డ పేరు వ్రాయు తల్లులు ఢాకాలోను కలకత్తాలోను, హైదరాబాదులోను గలరు. దీనిని పరదేశపు అలవాటని తీసివేయుట తగదు. సంచి కొననుండి గీత తీయు ఆ చేతి కదలిక మేదినీపూర్ అవ్వ వడియము పెట్టిన కదలికయే. ఎవరికొరకు చేయుచున్నదో ఆ మనిషి ఎదుట నిలుచునన్న సంతోషము కూడ ఒక్కటే.

మారినది వేరొకటి. అంగటి పిఠాకు గీత కలదు, కొనువాడు కలడు. కాని ఎవరి రాకకై ముల్లు పట్టబడెనో ఆ అతిథి లేడు. అల్లుడు రాని ఇంట జామాయిముఖ్ అను పేరునకు అర్థము లేదు. గ్రంథకర్తలు పేర్లు వ్రాసికొనవచ్చును, ప్రదర్శనశాలలు అచ్చులు దాచవచ్చును, ఛాయాచిత్రములు గోడకు వ్రేలాడవచ్చును. పిండి ఎంత వేడిగా నున్నప్పుడు మర్దింపవలెనో, ముల్లు ఎంత లోతు దిగవలెనో అవి చెప్పజాలవు. అది తల్లి ప్రక్కన కూర్చున్న కూతురు చూచి నేర్వవలసినది. కాజలరేఖ చేతిపనికి చిలుక నోరు అవసరమైనట్లు, ఈ పేరులేని స్త్రీల పనిని గూర్చి పలుకుటకు చరిత్ర అవసరము. కాని చిలుక పలికినంతమాత్రమున పళ్లెరము నిండదు. అందుకు ఒక ఇంట మరల పొయ్యి వెలిగి, ఒక చేయి ముల్లు పట్టవలెను.