బాంచెన్ నుంచి సాక్ష్యం దాకా

యాకోబు పత్రిక మూడో అధ్యాయం నాలుక గురించిన హెచ్చరికతో మొదలై, పైనుంచి దిగివచ్చే జ్ఞానం దగ్గర ముగుస్తుంది. ఆ హెచ్చరిక కూడా అందరికంటే ముందు బోధకులకే. తెలుగు సంఘాల చరిత్రను ఈ అధ్యాయం పక్కన పెట్టుకుని చదివితే, ఆ జ్ఞానం చాలాసార్లు అక్షరం రానివాళ్ల నోట వినిపిస్తుంది. మెదక్‌లో అది మరీ స్పష్టం.

తొలి రోజుల్లో క్రైస్తవుల తెలుగు చాలావరకు పుస్తకాల తెలుగే. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ సువార్తల అనువాదానికి ఆనందరాయర్ సాయం తీసుకున్నారు. అది జనం నోట నిలవడానికి పాట కావలసి వచ్చింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు వచ్చాక చదువు లేనివాళ్లకూ ప్రార్థించుకోవడానికి మాటలు దొరికాయి.

మెదక్ సంగతి వేరు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ వచ్చేనాటికి అది నిజాం రాజ్యం, దొరల ఊళ్లు. ఆయన మిషన్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. దొర గడి ముందు వాళ్లకు చెల్లిన మాట ఒక్కటే: "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త." అదే మనిషి సంఘ కూటంలో లేచి నిలబడి, తన బతుకులో దేవుడేం చేశాడో సాక్ష్యం చెప్పాలి. ఎదురుగా కూర్చున్నది ఇరుగుపొరుగే. నిన్న కల్లు దుకాణం దగ్గర ఏమన్నాడో, ఇంటామెను ఏ మాటతో పిలిచాడో వాళ్లకు తెలుసు. గొప్పలు పోతే అక్కడే దొరికిపోతాడు. తెలుగు క్రైస్తవుడి మాటకు బరువు వచ్చింది ఈ ఇరుకు కూటాల్లోనేనని నా నమ్మకం.

కరువు కాలంలో కూలి దొరికేలా పాస్నెట్ 1914లో మొదలుపెట్టించిన పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. లోపల మాట ప్రతిధ్వనించి చెదరకుండా పైకప్పుకు స్పాంజిలాంటి పదార్థం వాడారని చెబుతారు. బోధకుడి మాట తేటగా వినపడాలన్న పట్టింపు అంతటిది!

పల్లెల్లో పరిస్థితిని పరిశోధకులు పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ ప్రాంతంలో పరిశీలించి, 1968లో పుస్తకంగా తెచ్చారు. అక్కడి క్రైస్తవులు పాత ఊరి ఆచారాలను పూర్తిగా వదల్లేదని అందులో కనిపిస్తుంది. దీన్ని విశ్వాసలోపం అనేయడం తేలికే. కానీ ఊరితో తెగిపోనివాడి మాటనే కదా ఊరు చెవిన పెట్టేది.

మాటకు ముందు ప్రార్థన అనే మరో ధార రాజమండ్రి నుంచి వచ్చింది. 1938లో బైబిలు మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు, మాట్లాడే ముందు దేవుని సన్నిధిలో కనిపెట్టుకుని వేచి ఉండడం నేర్పారు. అదే దారిలో హైదరాబాదు హెబ్రోను సంఘంలో భక్తసింగ్ మోకాళ్ల ప్రార్థనకు పేరుపొందారు.

ఇప్పుడు మైకు, యూట్యూబ్ వచ్చాయి. వాక్యానికొక "హల్లెలూయా" పడుతుంది, చెప్పేవాడి ఇంటి సంగతి మాత్రం వినేవాడికి తెలియదు. తెలిసినవాళ్ల ముందే నిలబడి మాట్లాడే పాత పద్ధతి ఇంకా కనిపించేది శుభ శుక్రవారం నాడు. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీది ఏడు మాటలను చాలా సంఘాల్లో టీచరమ్మకొకటి, రిటైరైన గుమస్తాకొకటి, యువకుడికొకటి పంచుతారు. మొదటిది క్షమాపణ మాట. అన్నదమ్ములతో పొలం తగాదా నడుపుతున్నవాడికి దాన్ని అప్పగిస్తే, ప్రసంగం ఎంత బాగా సాగినా, చెప్పులు వేసుకుంటూ ఆడవాళ్లు ఏమనుకుంటారో పాస్టరుగారికి ముందే తెలుసు.